స్క్రమ్ము లేని రగ్బీ

ఫసలీ 1355 ఆజూరు నెలలో, అంటే 1945 అక్టోబరులో, నన్ను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక తాలూకా ఊరి ఫౌఖానియాకు డ్రిల్లు మాస్టరుగా వేశారు. ఫౌఖానియా అంటే ఇప్పటి హైస్కూలు. ఆర్డరులో నా పేరు పక్కన ‘మున్సరిం’ అని రాసి ఉంది. మున్సరిం అంటే తాత్కాలికం. పైవాళ్లకు నచ్చితే ఖాయం చేస్తారు, నచ్చకపోతే ఇంటికి పంపుతారు, మధ్యలో అడిగే హక్కు లేదు. ఊరి పేరు చెప్పను, ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. జడ్చర్లలో రైలు దిగి, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఎక్కి, రెండు గంటలు ఎగిరెగిరి పడితే వచ్చే ఊరు అనుకోండి.

బళ్లో డ్రిల్లు మాస్టరు హోదా ఏమిటంటే, హాజరు పట్టీలో ఉపాధ్యాయులందరి కంటే కింద, గంట కొట్టే నౌకరు కంటే పైన. జీతం కూడా ఆ రెండింటి మధ్యనే. అయినా నాకు ఒక ఈల ఉండేది. ఈల ఊదితే రెండువందలమంది ఆగుతారు. సదర్ ముదర్రిస్‌కు, అంటే హెడ్మాస్టరుకు కూడా ఆ భాగ్యం లేదు. ఇరవై అయిదేళ్ల వయసులో మనిషికి గర్వం రావడానికి అంతకంటే ఏం కావాలి?

మరుసటి నెలలో ఒక సర్క్యులర్ వచ్చింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఫౌఖానియాలలో రగ్బీ మొదలుపెట్టాలని దాని సారాంశం. రాసినవారు రెండు జిల్లాల వ్యాయామ ఇన్‌స్పెక్టరు సాబు. ఆయన విలాయతులో చదివి, అక్కడ ఆడి, ముక్కు వంకర చేసుకుని వచ్చినవాడు. యుద్ధం ముగిసినా హాకీ కర్రలు దొరకడం లేదు, రగ్బీకి ఒక్క బంతి ఉంటే ముప్ఫైమంది ఆడవచ్చు, కాబట్టి సర్కారుకు లాభం అని ఆయన వాదన. వాదనలో తప్పేమీ లేదు. మా నేల సంగతి మాత్రం ఆయన మరిచిపోయాడు.

ఆ ఆట నాకు కొంత తెలుసు. చిన్నప్పుడు తిరుమలగిరి దిక్కు గోరా సిపాయిలు ఆడుతుంటే చూసి, వీళ్లు కొట్లాడుకుంటున్నారా, ఆడుతున్నారా అని చాలాసేపు నిలబడ్డాను. తర్వాత సిటీలో మూడు వారాల శిక్షణ శిబిరంలో అది ఆటేనని రూఢి అయింది. పక్షానికి పదిహేనుమంది. బంతి కోలగా ఉంటుంది. మా పిల్లలు మొదటి రోజే దానికి ‘దోసకాయ’ అని పేరు పెట్టారు. దాన్ని చంకలో పెట్టుకుని పరుగెత్తి, ఎదుటివాళ్ల గీత అవతల నేలకు తాకించాలి. దాన్ని ‘ట్రై’ అంటారు. పాతకాలంలో ట్రైకి ఒక్క పాయింటూ ఉండేది కాదట. గోలు మీదికి ఒకసారి తన్ని చూడటానికి హక్కు మాత్రం ఇచ్చేవారట, అందుకే ఆ పేరు. జనం పరుగు చూడటానికి వస్తున్నారు గాని తన్ను చూడటానికి కాదని గ్రహించాక ట్రైకి పాయింట్లు పెట్టి, పెంచుతూ వచ్చారు. మా రోజుల్లో మూడు. నియమాల మార్పు అంటే ఏమిటో నాకు మొదట అర్థమైంది అక్కడే. ఆటలో ఏ పనికి విలువ కడతారో, ఆటగాళ్లు ఆ పనే చేస్తారు.

ఇంకొక నియమం నాకు మహా ఇష్టం. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. వెనకవాడికే అందించాలి. అంటే బంతి ఉన్నవాడే ఎప్పుడూ అందరికంటే ముందు ఉండాలి, దెబ్బలు వాడే తినాలి. పనివాణ్ణి ముందుకు తోసి వెనక నిలబడే మన దొరతనానికి ఇది పూర్తిగా ఎదురు. పిల్లలకు ఈ నియమం ఎక్కించడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

ఇక స్క్రమ్ము. ఎవరైనా బంతిని పొరపాటున ముందుకు జారవిడిస్తే ఆట ఆపి, రెండు పక్షాల నుంచి ఎనిమిదేసిమంది బలమైనవాళ్లను వంగబెడతారు. ముందు వరుసలో ముగ్గురు. నడిమివాడు తన రెండు చేతులూ అటు ఇటు వాళ్ల భుజాల మీద వేస్తాడు, వాళ్లు వాడి నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంటారు. తలలు ఎదుటివాళ్ల తలల సందున దూరతాయి. నడుమ బంతి వేస్తారు. రెండువైపులా నూకుతుంటే నడిమివాడు కాలితో బంతిని వెనక్కు లాగాలి. వాణ్ణి ‘హుకర్’ అంటారు. పొట్లాడే పొట్టేళ్లను చూసినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు.

మా మైదానం మొరం నేల. కింద రాయి, పైన పల్లేరుగాయలు. ఇంగ్లండు పచ్చిక మీద రాసిన నియమాలు ఇక్కడ పనికిరావని రెండో రోజుకే తేలింది. సర్క్యులర్‌లో ఒక సదుపాయం ఉంది: స్థానిక పరిస్థితిని బట్టి డ్రిల్లు మాస్టరు నియమం మార్చవచ్చు, కాని ప్రతి మార్పు కిందా ‘ఉద్దేశం’ అని రాసి, కారణం చూపించి, ఇన్‌స్పెక్టరు మంజూరు తీసుకోవాలి. ఇంకేం, నాలోని శాసనకర్త లేచి కూర్చున్నాడు.

మొదటి నియమం: నడుము కింద పట్టుకుని పడెయ్యకూడదు. ఉద్దేశం: మోకాళ్ల రక్షణ. రెండోది: ధోవతి పట్టుకుని లాగితే పట్టు కిందికి రాదు. ఉద్దేశం: మర్యాద. దీనికి ముందు ఒక సాయంత్రం పట్వారీ మేనల్లుడు ట్రై చేసి గెలిచాడు గాని, ధోవతి మాత్రం గీతకు ఇవతలే ఉండిపోయింది. మూడోది: కాలికి ముల్లు గుచ్చుకున్నవాడు చెయ్యెత్తితే ఆట ఆపాలి. ఇది పెట్టిన వారంలోనే, ఎదుటివాడు గీత దగ్గరికి రాగానే మావాళ్లకు ఒకేసారి ముగ్గురికి ముళ్లు గుచ్చుకోవడం మొదలైంది. దాంతో మూడో నియమానికి సవరణ: ముల్లును రిఫరీకి చూపించాలి. అప్పటినుంచి కొందరు జేబులో ముల్లు పెట్టుకుని వచ్చేవారు. నియమం రాసేవాడు ఒక్కడు, తప్పించుకునేవాళ్లు ముప్ఫైమంది, ఏం చేస్తాం? అన్నీ ఇన్‌స్పెక్టరు సాబుకు పంపాను. అన్నీ మంజూరై వచ్చాయి. నా బుర్ర మీద నాకే ముచ్చటేసింది.

మా హుకర్ పేరు దేవదానం. పంతొమ్మిదేళ్లవాడు, పదో తరగతి. కురచ మనిషి, మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. పరుగులో వెనకే గాని, స్క్రమ్ములో వాణ్ణి కదిలించినవాడు లేడు. మిషన్ హాస్టల్లో ఉండి మా బడికి వచ్చేవాడు. అంటరానివాళ్లని ఊరు వెలిపెట్టిన కుటుంబం. మిషన్‌లో కలిసి ఒక తరమైంది. మతం మారింది గాని, ఊళ్లో వాడ మారలేదు. తండ్రి ఒక దొర దగ్గర పాలేరుగా జీతమున్నాడు. పరీక్ష కాగానే కొడుకును కూడా పనిలోకి దింపమని దొర కబురు పెడుతూనే ఉన్నాడు. దేవదానానికి ఒకటే దారి కనిపించింది. సిటీలోని వ్యాయామ శిక్షణ కళాశాలలో మా రెండు జిల్లాలకు కలిపి ఒక సీటు ఇచ్చారు, తిండీ వసతీ ఉచితం, బయటికి వస్తే డ్రిల్లు మాస్టరు. ఫర్వర్దీలో, అంటే ఫిబ్రవరిలో, రెండు జిల్లాల మధ్య మ్యాచి, మా జిల్లా తరఫున మా బడి జట్టే. అందులో ఆడినవాళ్లలోంచి ఇన్‌స్పెక్టరు సాబు స్వయంగా చూసి ఎంచుతాడు. మ్యాచిలో ఆడనివాడి పేరు ఆయన వినను కూడా వినడు. ఈ సంగతి బడిలో అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువ నాకు తెలుసు, ఎందుకంటే సర్క్యులర్ వాడికి చదివి చెప్పింది నేనే.

స్క్రమ్ములో దేవదానానికి ఎడమపక్క నర్సిరెడ్డి, మా కెప్టెన్, ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేలు కొడుకు. కుడిపక్క ఇందాకటి పట్వారీ మేనల్లుడు. మొదటి రోజు ముగ్గురూ జానెడు ఎడంగా వంగారు. నేను ఈల ఊది, దగ్గరికి జరగకపోతే ఎదుటివాళ్లు తల పగలగొడతారని కేకలేశాను. పది రోజులకు ఆ ఎడం పోయింది. ఆటలో ఉన్నంతసేపు ఎవడు ఏ వాడవాడో వాళ్లకే గుర్తుండేది కాదు.

ఇళ్లలో మాత్రం గుర్తుండేది. దేవదానంతో భుజం కలిపిన పిల్లవాడు గడప దాటాలంటే తలస్నానం చెయ్యాలి. బహమను, ఇస్ఫందారు నెలల్లో, అంటే డిసెంబరు, జనవరిలో, పాలమూరు చలికి రోజూ సాయంత్రం ఎనిమిది ఇళ్లలో తలస్నానాలు. పిల్లలకు జలుబులు. తల్లులకు కట్టెల ఖర్చు. దాచిపెట్టడమెందుకు, నేనూ పిల్లల భుజాలు సర్ది వచ్చినరోజున మా అమ్మ పెరట్లో నీళ్లు తోడిపెట్టేది, నేనూ నోరెత్తకుండా పోసుకుని లోపలికి పోయేవాణ్ణి. తోలు బంతిని రొమ్ముకు హత్తుకుని పరుగెత్తినందుకు మాత్రం ఎవరింట్లోనూ స్నానం లేదు.

ఒకనాడు మాలీ పటేలు మరి ముగ్గురిని వెంటబెట్టుకుని సదర్ సాబు దగ్గరికి వచ్చాడు. లోపల ఏం మాట్లాడారో గాని, కులం మాట ఎవరూ ఎత్తలేదట. పిల్లలకు జలుబు, మెడలకు ప్రమాదం, చదువుకు నష్టం అన్నారట. సదర్ సాబు మంచివాడే. గొడవంటే మాత్రం ఆయనకు చలిజ్వరం వచ్చేది. నన్ను పిలిచి, ఆట ఆపకుండా, ఎవరినీ నొప్పించకుండా ఏదైనా నియమం చూడమన్నాడు. పోతూ పోతూ, నా ఖాయం కాగితాలు పైకి పంపే వేళైందని కూడా అన్నాడు. ఆ రెండు మాటలకు సంబంధం ఉందని ఆయన అనలేదు. లేదని కూడా అనలేదు.

ఒక్క సాయంత్రంలో రాసేశాను. స్క్రమ్ము రద్దు. ప్రతి ఆటగాడూ నడుముకు ఒక దస్తీ, అంటే చేతిరుమాలు, దోపుకోవాలి. దాన్ని లాగితే పట్టుకున్నట్టే లెక్క, ఒంటి మీద చెయ్యి వెయ్యనక్కర్లేదు. వంగి నూకేవాళ్లు అక్కర్లేదు కాబట్టి పక్షానికి తొమ్మిదిమందే చాలు. ఉద్దేశం: గాయాల నివారణ. ఇన్‌స్పెక్టరు సాబు వారం లోపల మంజూరు పంపడమే కాదు, ఇంత తెలివైన సవరణ తన సర్వీసులో చూడలేదని, రెండు జిల్లాల మ్యాచి కూడా ఈ పద్ధతిలోనే జరగాలని రాశాడు. ఆ కాగితాన్ని సదర్ సాబు అందరి ముందూ చదివాడు. మాలీ పటేలు ఇంటినుంచి నాకు నెయ్యి వచ్చింది.

కొత్త నియమంతో మొదటి ఆట నిజంగా బాగుంది. కోలాటం వేసినట్టు పిల్లలు గిరగిరా తిరిగారు. తొమ్మిదిమందిని ఎంచాను. పరుగు బాగా ఉన్నవాళ్లను ఎంచాను, ఆటకు కావలసింది అదే కదా. ఆట అయిపోయాక చూస్తే గీత బయట ఆరుగురు కూర్చుని ఉన్నారు. అందులో నలుగురు మిషన్ హాస్టల్ పిల్లలు. హాస్టల్ నుంచి మొత్తం జట్టులో ఉన్నది ఆ నలుగురే.

మర్నాడు నేను బంతికి గాలి కొడుతుంటే దేవదానం వచ్చి, పంపు పట్టుకుని నిలబడ్డాడు. వాడు నాతో ఎప్పుడూ ఎదురు మాట్లాడినవాడు కాదు.

“సార్, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకుండ్రి. స్క్రమ్ముల ఎవ్వలకు దెబ్బ తాకింది?”

చాలామందికి తాకిందన్నాను. అబద్ధం చెప్పాలనుకోలేదు, నిజంగానే అలా అనుకున్నాను.

“గట్లనా సార్. నేను నడుమలనే ఉంటి గద, నాకు తెల్వలే.”

అంతే అని పంపు కొట్టడం మొదలుపెట్టాడు. నాకు చర్రున మండింది. నా నియమాన్ని ఇన్‌స్పెక్టరు సాబే మెచ్చుకుంటే వీడెవడు అడగడానికి అనుకుని, వాడికి చూపిద్దామనే పట్టుదలతో స్టోరు గదిలోకి పోయి దెబ్బల రిజిస్టరు తీశాను. డ్రిల్లు మాస్టరు విధిగా ఉంచాల్సిన రిజిస్టరు అది. ఏ తేదీన, ఎవరికి, ఎట్లా తగిలింది, టించర్ ఎంత వాడింది అన్నీ రాయాలి. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. పరుగులో పడి మోకాలు చీరుకుపోయినవి, ముళ్లు, ఎదురుదెబ్బ తగిలి ఊడిన గోళ్లు, ఒకడికి బంతి తగిలి పెదవి పగిలింది. స్క్రమ్ము పేరు ఒక్కచోట లేదు. అన్నీ నా చేతిరాతే, అన్నిటి కిందా నా సంతకమే.

అక్కడే డబ్బా మీద కూలబడ్డాను. సిగ్గేసింది. కులాన్ని పాటించే మనుషుల్ని నేను అదివరకు చూడలేదా అంటే చూశాను, వాళ్లలో ఒకణ్ణే. ఎవరూ నోట అనలేని మాటను సర్కారు భాషలో, నంబరు వేసి, మంజూరు తెచ్చి పెట్టినవాణ్ణి నేను. అది మాలీ పటేలు చెయ్యలేని పని. దానికి నా చదువు కావలసి వచ్చింది.

అయినా వెంటనే ఏమీ చెయ్యలేదు. రెండు వారాలు గడిపాను. ఖాయం కాగితాలు పైకి పోయాయి. దేవదానం రోజూ మైదానానికి వచ్చేవాడు, సున్నంతో గీతలు గీసేవాడు, ఆట చూసి పోయేవాడు. నేను వాడి మొహం చూడకుండా ఈల ఊదేవాణ్ణి. అమ్మ ఒకనాడు అన్నం పెడుతూ, ఈ మధ్య నీళ్లు తోడే పని తప్పింది గాని నీకు నిద్రెందుకు పట్టడం లేదురా అని అడిగింది.

మ్యాచి మా ఊళ్లోనే పెట్టారు. ఇన్‌స్పెక్టరు సాబు ముందురోజే వచ్చి డాక్ బంగ్లాలో దిగాడు. తెల్లారి ఏడింటికి దెబ్బల రిజిస్టరు చంకలో పెట్టుకుని పోయాను. ఆయన వరండాలో చాయ తాగుతున్నాడు. దస్తీ నియమం రద్దు చెయ్యమని అడిగాను. ఆయన నవ్వి, సొంత బిడ్డను ఎవరైనా చంపుకుంటారా అన్నాడు. రిజిస్టరు తెరిచి పెట్టాను. ఆయన పేజీలు తిప్పి, నవ్వు ఆపి, మరి గాయాల నివారణ అని ఎందుకు రాశావని ఉర్దూలో చాలా మెల్లగా అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరు వచ్చారు, సదర్ సాబు ఏమన్నాడు, నేను దేనికి ఆశపడ్డాను, అన్నీ.

ఆయన లేచి వరండాలో రెండుసార్లు తిరిగాడు. తర్వాత పద్ధతి చెప్పాడు. మంజూరైన నియమాన్ని మ్యాచి రోజున ఎత్తేయాలంటే ఒకటే మార్గం, ప్రతిపాదించినవాడు తన ఉద్దేశం తప్పని రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం నా ఫైలులోకి పోతుంది. దాని మీద ఆయన తంబీహ్ రాయక తప్పదు. తంబీహ్ అంటే అధికారి చేసే లిఖితపూర్వక హెచ్చరిక. అది ఉన్న మున్సరింను ఖాయం చెయ్యడం మాటలు కాదు. రాస్తావా అని అడిగి కలం చేతికిచ్చాడు. ధైర్యవంతుణ్ణని చెప్పుకోను. ఇంకో పావుగంట టైము ఇచ్చి ఉంటే రాసేవాణ్ణి కానేమో. ఆయన ఇవ్వలేదు. రాశాను.

మధ్యాహ్నం మూడింటికి మ్యాచి. షామియానా కింద తహసీల్దారు, సదర్ సాబు, పెద్దమనుషులు, ముందు వరుసలో మాలీ పటేలు. ఇన్‌స్పెక్టరు సాబే రిఫరీ. పూర్తి నియమాలతో, పక్షానికి పదిహేనుమందితో ఆట అని ప్రకటించాడు. నల్లగొండవాళ్లు కూడా పాత పదిహేనుమందితోనే వచ్చారు, వాళ్లకు అభ్యంతరం లేదు, దస్తీలు దోపుకోవడం మొదటినుంచీ నచ్చలేదట. గీత బయట ఉన్న ఆరుగురూ లోపలికి వచ్చారు. దేవదానం వచ్చి స్క్రమ్ము నడుమ నిలబడేచోట నిలబడ్డాడు.

నేను చెయ్యగలిగింది అంతవరకే. మిగతాది పిల్లల చేతిలో ఉంది. కాగితం మీద స్క్రమ్ము పెట్టవచ్చు గాని, భుజం మీద చెయ్యి వెయ్యమని కాగితం చెప్పలేదు.

అయిదు నిమిషాలకే నల్లగొండవాడు బంతి జారవిడిచాడు. ఈల. రిఫరీ చోటు చూపించాడు. అవతల ఎనిమిదిమంది వంగి సిద్ధమయ్యారు. మావాళ్లు వంగలేదు. దేవదానం రెండు చేతులూ కొద్దిగా ఎత్తి ఆగిపోయాడు. తనంతట తాను ముందుగా వాళ్ల భుజం మీద వెయ్యలేడు, తండ్రులందరూ చూస్తున్నారు. నర్సిరెడ్డి షామియానా వైపు చూశాడు. మాలీ పటేలు లేచి నిలబడ్డాడు.

“ఏందిరా చూస్తున్నవ్, చెయ్యెయ్యి,” అన్నాడు నర్సిరెడ్డి దేవదానంతో. “గట్టిగెయ్యి. మొన్నట్లెక్క జారితే నా మెడ ఇరుగుతది.”

కుడిపక్కవాడు ఇంకా ఆలోచిస్తున్నాడు. తర్వాత నిట్టూర్చి దగ్గరికి జరిగాడు.

“ఎట్ల జేసినా అమ్మ నీళ్లు పోసుడే గద. పా.”

ముగ్గురూ కలిసి వంగారు. బంతి పడింది. దేవదానం కాలితో ఒక్క లాగు లాగాడు, బంతి మా వెనకవాళ్లకు వచ్చింది. మాలీ పటేలు గీత దగ్గరికి, నా పక్కకి వచ్చాడు. కోపంగా ఉన్నాడు.

“సారూ, గా రూలు తీసేసిన్రట?”

“తీసేసిన పటేలా. రాసింది నేనే, తీసింది నేనే. గది ఆట కోసం రాసింది కాదు, మీకు తెల్సు, నాకు తెల్సు.”

ఆయన రేపు మాట్లాడుదామన్నాడు. అయితే అప్పటికి మావాళ్లు వరసగా మూడు స్క్రమ్ములు గెలిచి నల్లగొండ గీత దగ్గరికి పోయారు. నాలుగోది గీతకు అయిదు గజాల దూరంలో పడింది. ఎనిమిదిమందీ ఒక్క ముద్దై నూకుతుంటే పక్కనుంచి, నూకుండ్రి, ఇంక జర నూకుండ్రి అని ఎవరో అరుస్తున్నారు. తిరిగి చూస్తే మాలీ పటేలే. కండువా కిందపడిన సంగతి కూడా ఆయనకు తెలియదు. నర్సిరెడ్డి గీత దాటి ట్రై చేశాడు.

మ్యాచి ఓడిపోయాం. చివరి నిమిషంలో నల్లగొండవాడు ఒకడు బంతిని నేలకు జారవిడిచి, అది లేస్తూండగా తన్ని, గోలుకు పాతిన వెదురు కంభాల నడుమ నుంచి పంపాడు. దాన్ని డ్రాప్ గోల్ అంటారు. దానికి నాలుగు, మా ట్రైకి మూడు. పదిహేనుమంది చెమటకు మూడు, ఒక్కడి కాలికి నాలుగు, ఇదెక్కడి న్యాయమని నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. రెండేళ్ల తర్వాత, 1948లో, విలాయతువాళ్లు దాన్ని మూడుకు తగ్గించారు. అందరూ పరుగు మాని తన్నులకే చూస్తున్నారని వాళ్ల ఉద్దేశం. ఆ బుద్ధి కాస్త ముందుగా పుట్టి ఉంటే మా మ్యాచి సమానమయ్యేది.

ఆట అయ్యాక ఇన్‌స్పెక్టరు సాబు ఇరుపక్షాల నుంచి అయిదుగురిని షామియానా కిందికి పిలిచి ప్రశ్నలు వేశాడు. డ్రిల్లు మాస్టరు కాబోయేవాడికి నియమం తెలిస్తే చాలదు, అది ఎందుకుందో చెప్పగలగాలని ఆయన పట్టు. దేవదానం వంతు వచ్చింది. స్క్రమ్ము ఎందుకు అని అడిగాడు.

“జారిపోయిన బంతి ఎవ్వలదీ కాదు సార్. గందుకే ఇద్దరు సమానంగ ఒంగి తేల్చుకోవాలె. ఒంగనోనికి బంతి అడిగే హక్కు లేదు.”

సాబు తల ఊపి, మరి దస్తీ నియమం మాటేమిటి, అది మంచిదా చెడ్డదా అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. దేవదానం నావైపు చూడలేదు.

“ఆట మంచిదే సార్. అందుల నాకు జాగ లేకుండె.”

ఇన్‌స్పెక్టరు సాబు ఇంకెవరినీ అడగలేదు. సీటు దేవదానానికి వచ్చింది.

మర్నాడు మాలీ పటేలు అన్నమాట ప్రకారం వచ్చాడు. మ్యాచిలో అరిచిన మనిషీ ఆయనే, సదర్ సాబు గదిలోకి పోయినదీ ఆయనే. వార్షిక పరీక్షలదాకా రగ్బీ వద్దని సదర్ సాబు నోటిమాటగా ఆర్డరు వేశాడు. పరీక్షల తర్వాత ఎవరూ మళ్లీ ఎత్తలేదు. ఏడాది తిరగకుండానే ఇన్‌స్పెక్టరు సాబుకు బదిలీ అయి, రెండు జిల్లాల్లోనూ ఆ ఆట పోయింది. దేవదానం సిటీకి పోయి, శిక్షణ పూర్తి చేసి, డ్రిల్లు మాస్టరై, తండ్రిని దొర దగ్గర్నుంచి విడిపించుకున్నాడు. నా ఖాయం కాగితాలు తంబీహ్ పుణ్యమా అని మూడుసార్లు తిరిగి వచ్చాయి. వాడు నాకంటే ముందే ఖాయమయ్యాడు. అందువల్ల సీనియారిటీ జాబితాలో కొన్నేళ్లు వాడి పేరు నా పైన ఉండేది. జీతాల రోజున జిల్లా ఆఫీసులో కలిస్తే వాడు లేచి నిలబడేవాడు, నేను కూర్చోమని కసిరేవాణ్ణి.

తర్వాత జిల్లా అధికారిగా రిటైరయ్యేదాకా ఆటల నియమాల కమిటీలలో చాలాసార్లు కూర్చున్నాను. కబడ్డీలో, ఖోఖోలో, వాలీబాల్లో ఎన్నో మార్పులు నా చేతిమీదుగా పోయాయి. ప్రతి ప్రతిపాదన కిందా ఉద్దేశం ఉంటుంది, అది ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. నేను దాన్ని చదవడం మానేశాను. కొత్త నియమంతో ఒక ఆట ఆడించమనేవాణ్ణి, ఆట అవుతున్నంతసేపు మైదానానికి వీపు పెట్టి, గీత బయట ఎవరెవరు కూర్చున్నారో లెక్క చూసేవాణ్ణి. నియమం అసలు ఉద్దేశం వాళ్లే.